బోధన్ దారిలో వెనక సీటు

మా బడిలో నన్ను కుర్చీలో చూసిన పిల్లలు తక్కువ. పాఠం చెబుతూ కిటికీ దగ్గరికి, అక్కణ్ణుంచి గుమ్మం దగ్గరికి, మళ్లీ బల్ల దగ్గరికి తిరుగుతూనే ఉంటాను. రైలెక్కితే స్టేషను స్టేషనుకీ దిగి ఎక్కుతాను. అన్నం కూడా సగం నిలబడే తింటానని మా అక్క తిడుతుంది. అలాంటి నన్ను కుదురుగా కూర్చోమని మూడు రోజులు పోరిన మనిషి నిజామాబాదులో ఉన్నాడు. పేరు దావీదు, కారు డ్రైవరు. ఆయన మాట సగం విన్నాను, సగం వినలేదు. వినని సగం ఎడమ డొక్కలో ఇంకా సలుపుతూనే ఉంది. ఆ వైపు వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కార్లో ముందు సీటు కోసం పోటీపడే వాళ్ల కోసం కూడా అనుకోండి.

ఇది నేను కోరి వెళ్లిన ప్రయాణం కాదు. మా అక్క కూతురు సునీత తనతో చదువుకున్న శ్రీకాంత్‌ని ఇష్టపడి పెళ్లి చేసుకుని, వాళ్ల ఊరు మోస్రా వెళ్లిపోయింది. మోస్రా నిజామాబాదు జిల్లాలో, వర్ని పక్కన. తొలి కాన్పుకు రేపల్లె తీసుకొద్దామని అక్క అన్నీ సిద్ధం చేసుకుంటుంటే, నూతి దగ్గర జారిపడి కాలు విరిగింది. అదే వారంలో సునీతకు మూడు వారాల ముందే నొప్పులొచ్చి బోధన్ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. "నువ్వైనా వెళ్లవే," అని అక్క మంచం మీంచే ఏడ్చింది. బడికి సెలవు పెట్టి, సంచిలో వెల్లుల్లి కారం, వాము, పాత చీరల పొత్తిగుడ్డలు సర్దుకుని రైలెక్కాను. దారంతా తలుపు దగ్గరే నిలబడ్డాను. అటు అక్క కాలు, ఇటు పిల్ల. ఏదీ నా చేతిలో లేదు.

నిజామాబాదు: పసుపు ఘాటు

మధ్యాహ్నం రెండింటికి స్టేషను బయటికొస్తే గాలంతా పసుపు. పంట మార్కెట్టుకు వచ్చే రోజులవి. బస్తాల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే నాకు వరసగా ఏడెనిమిది తుమ్ములొచ్చాయి. "కొత్తోళ్లందరు గిట్లనే తుమ్ముతరమ్మా, రేపటికి అలవాటైతది," అంటూ ఒకాయన నా సంచి అందుకున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, జేబులో మడిచిన గుడ్డ. శ్రీకాంత్ పంపిన దావీదు ఆయనే. శ్రీకాంత్‌ది చెరుకు తోటలు చూసే ఉద్యోగం. గానుగ నడిచే కాలంలో సెలవు దొరకదు.

దావీదు వెనక తలుపు తీసేలోపే నేను ముందు సీట్లో ఎక్కి, టిఫిను క్యారియరు ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన తన సీట్లో కూర్చున్నాడు గానీ బండి తీయలేదు.

"అమ్మా, బెల్టు."

"ఊళ్లోనేగా తిరిగేది!"

"నా బండిల బెల్టు పెట్టుకోకుంటె చక్రం తిరగదమ్మా. గా క్యారియర్ గూడ ఇటియ్యుండ్రి, డిక్కీల పెడ్త."

క్యారియరు తీసుకుపోయాడు. నా సీటు కింద మీట లాగి, సీటును ఎంత వెనక్కి పోతుందో అంత వెనక్కి జరిపించాడు. అంచు మీద కూర్చోవడం నా అలవాటు. వీపు ఆనించమన్నాడు. అప్పటికి మా రేపల్లెలో కారు బెల్టు పెట్టుకున్న మనిషిని నేను చూడలేదు. చూసినా నవ్వి ఉండేదాన్ని.

ఆయన కీ తిప్పగానే ఎదుట ఎర్రటి బొమ్మ ఒకటి వెలిగి, అయిదారు క్షణాల్లో ఆరిపోయింది. అది ఆరాకే బండి కదిలింది. ఏమిటని అడిగాను.

"లోపల సంచులున్నయమ్మా, గాలి సంచులు. ఎయిర్‌బ్యాగంటరు. నాకు స్టీరింగుల ఒకటి, మీకు గా మూత కింద ఒకటి. గట్టిగ గుద్దుకుంటె రెప్పకొట్టే లోపల ఉబ్బుతయి. ఎర్ర బత్తి ఆరితె అవి మంచిగున్నట్టు. ఆరకుంటె మెకానిక్ కాడికి పోవాలె."

"సంచి ఉన్నప్పుడు ఇంక ఈ బెల్టెందుకు?"

"బెల్టు లేకుంటె మనం ముందుకు పోయి ఉబ్బే సంచి మీద పడ్తం. అది మెత్త గాదమ్మా, అప్పుడు గుద్దినట్టే తగుల్తది. బెల్టు మనిషిని ఆపాలె, సంచి తలకాయను ఆపాలె. రెండు కల్సి పని జేస్తయి."

ఆ మూత మీద ఏమీ లేదు. మా వైపు కార్లలో అక్కడ దేవుడి బొమ్మ, పూలదండ, నిమ్మకాయ లేకుండా ఉండవు. దావీదు క్రైస్తవుడు గదా, చిన్న శిలువైనా లేదేమని అడిగాను.

"దాని మీద ఏసయ్యను పెట్టినా, ఎంకన్నను పెట్టినా, ఆ టయానికి మన మొఖం మీదికే వస్తరమ్మా," అన్నాడు నవ్వకుండా.

ఆ పూట భోజనం, రాత్రి పడక వాళ్లింట్లోనే. ఆయన భార్య మార్త జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. పుంటికూర అంటే ఏమిటో అనుకున్నాను, తీరా మన గోంగూరే. దానికంత మెత్తటి పేరు పెట్టారని నవ్వుకున్నాను. ఇంట్లో ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలాంటిది ఉంది. లోతుగా దొన్నెలా ఉంది, పట్టీలు వేలాడుతున్నాయి. అందులో ఉల్లిగడ్డలు పోసి ఉన్నాయి.

"ఈయన మస్కట్ల పదకొండేండ్లు డ్రైవరు పని జేసిండమ్మా," అంది మార్త. "అందరు బంగారం తెచ్చిండ్రు, టేపురికార్డర్లు తెచ్చిండ్రు. మా ఆయన ఈ కుర్సీ తెచ్చిండు. మాకేమో పిల్లలు పెద్దగైండ్రు. చర్చిల అందరు నవ్విండ్రు."

దావీదు తిని లేచి ఉల్లిగడ్డలు గంపలో పోసి, ఆ కుర్చీని సబ్బుతో కడిగి ఎండలో పెట్టాడు. బోధన్ నుంచి పసిపిల్లను దాంట్లోనే తీసుకుపోవాలన్నాడు. నేను తలూపాను. నాలుగు రోజుల పసిగుడ్డును ఆ దొన్నెలో ఎవరు పెడతారు అని లోపల అనుకున్నాను.

ఎడపల్లి దాటాక

మర్నాడు పొద్దున్నే బోధన్ బయల్దేరాం. ఎడపల్లి దాటగానే చెరుకు మొదలైంది. రోడ్డుకు రెండువైపులా మనిషి కన్నా ఎత్తు. నరికిన చోట మహారాష్ట్ర కూలీల గుడిసెలు, ఎడ్లబండ్లు. బండ్లకు వెనక దీపాల్లేవు, పక్కన ఎర్రగుడ్డ కూడా లేదు. బండి కన్నా రెండింతలు వెడల్పు చెరుకు. మా వైపు వరిగడ్డి బండి ఇలాగే పోతుంది గానీ, అది తగిలినా మెత్తగా ఉంటుంది.

బెల్టు నా మెడను ఒరుసుకుంటోంది. ఉక్కపోత, చీర జరీ అంచు, దాని మీద ఈ పట్టీ. కాసేపు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత మెల్లగా పైపట్టీని చంక కిందికి జార్చేసుకున్నాను. హాయిగా ఉంది. ఒక మైలు పోయాక దావీదు బండి పక్కకు ఆపాడు.

"గట్ల కాదమ్మా. చంక కిందినుంచి పోతె జోరంత పక్కబొక్కల మీద పడ్తది. గవి సన్న బొక్కలు. పైపట్టి భుజం బొక్క మీది కెళ్లి రొమ్ము నడుమకు రావాలె. కింది పట్టి తుంటి మీద ఉండాలె, కడుపు మీద గాదు. మెలిక ఉండొద్దు."

ఎముకలను అక్కడ బొక్కలంటారు. కారు లోపల, తలుపు పక్క స్తంభం మీద ఒక మీట నొక్కి పట్టీని కాస్త కిందికి దించాడు. మెడకు తగలడం మానింది. నాకు సిగ్గేసింది. ముప్ఫై ఏళ్లుగా పిల్లలను సరిగ్గా కూర్చోమని చెప్పేదాన్ని, ఒకరు నాకు చెబితే గిట్టలేదు. ఆయన రోడ్డు చూస్తున్నప్పుడు మళ్లీ చంక కిందికే జార్చాను.  కుదురు లేదు, అంతే.

బోధన్: బెల్లపు పాకం గాలి

బోధన్‌లో పసుపు పోయి తీపి వాసన మొదలైంది. ఫ్యాక్టరీ గొట్టం పొగ, దాంతోపాటు పులిసిన పాకంలాంటి గాలి. గంటసేపు బాగుంటుంది, తర్వాత గొంతు పట్టేస్తుంది. బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినబడతాయి. జామకాయలమ్మే ఆమె "కాయ్ పాహిజే తాయీ?" అంటూ ఏం కావాలక్కా అని మరాఠీలో అడిగితే నేను కాయ కావాలా అంటోందనుకుని "కాయే కావాలి" అన్నాను. ఆమె నవ్వి ఒకటి ఎక్కువేసింది. చెరుకురసం గ్లాసు మూడు రూపాయలు. అల్లం, నిమ్మకాయ పిండి ఇస్తారు. మా ఊళ్లో అల్లం వేయరు, ఇక నేనడిగి వేయించుకుంటాను.

ఆసుపత్రిలో సునీత పీక్కుపోయి ఉంది. "పిన్నీ" అని చెయ్యి పట్టుకుని వదల్లేదు. పిల్ల పిడికెడంత. పడుకుని నోరు చప్పరిస్తోంది. ఎత్తుకున్నాను, ఇంక దించబుద్ధి కాలేదు. సునీత అత్తగారు గంగవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. పొడుగు మనిషి, పసుపు వండి వండి చేతులు రంగు తేలాయి. నేను "వదినగారూ" అంటే, "గారు గీరు ఎందుకొదినె, గంగవ్వ అను," అంది.

నా సంచిలో వెల్లుల్లి కారం చూసి మెచ్చుకుంది. కానీ నేను బాలింతకు పథ్యమంటుంటే ఆమె అప్పటికే మేక కాళ్ల పాయ తాగించేసింది. మా వైపు మూడో రోజున ఆ పేరెత్తితే గొడవైపోతుంది. "బొక్కలకు బలమొదినె. మీ గోదారోళ్లు పప్పుగూడ పెట్టరట గదా, పాలెట్ల పడ్తయి?" అంది. మాది గోదావరి కాదు, కృష్ణ అని చెప్పాను. "ఏదైతేంది, నీళ్లే గదా!" అని కొట్టిపారేసింది.

ఆ రాత్రంతా పిల్ల ఏడ్చింది. నేను వరండా పొడవునా ఎత్తుకు తిరిగాను. తెల్లారి ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఆసుపత్రి మెట్ల మీద

మూడోరోజు పదకొండింటికి దావీదు కారు మెట్ల దగ్గరికి తెచ్చాడు. గంగవ్వ పిల్లను దుప్పట్లో చుట్టి, చంకలో కొబ్బరికాయతో నేరుగా ముందు సీటు దగ్గరికి నడిచింది.

"అవ్వా, ముందట వద్దు. వెనక్కి రా."

"వెనక కూసుంటె నాకు కడుపుల తిప్పుతది. ముందట చల్లగాలొస్తది పొల్లకు. జరుగు."

"ముందట సంచి ఉన్నదవ్వా. పసిబిడ్డను గుండెకు పట్టుకుని ముందట కూసోవద్దు. వెనక కుర్సీల పండుకోబెడ్త."

అప్పుడు చూసింది ఆమె, వెనక సీటు మీద బిగించిన ఆ ప్లాస్టిక్ కుర్చీని. అది వెనక్కి తిరిగి ఉంది, పిల్ల మొహం సీటు వైపు ఉండేలా. అయిదు పట్టీలు పరిచి ఉన్నాయి.

"పసిగుడ్డును తాళ్లతోని కట్టేస్తవా? నీకు బుద్ధుందా? మా ఇంట్ల పీనుగునే కడ్తరు బిడ్డా!"

చుట్టూ జనం మూగారు. నేనూ గంగవ్వ పక్షమే మాట్లాడాను. "గంటలో పోయే దారి, దావీదూ. ఆవిడ అనుభవం ఉన్న మనిషి, జాగ్రత్తగానే పట్టుకుంటుంది," అన్నాను. నిజానికి ఆమె కాకపోతే నేనే పట్టుకుందామని నా ఆశ.

దావీదు తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది. వెనకే వెళ్లాను.

"ఏమిటి మీ పట్టుదల? ఆలస్యమైతే ఎండ..."

ఆయన కళ్లెత్తలేదు. "మీకొక్కరికే చెప్తనమ్మా. అవ్వకు చెప్పకుండ్రి," అన్నాడు.

మస్కట్‌లో ఆయన పనిచేసిన ఇంట్లో యజమాని చెల్లెలు నాలుగు నెలల పిల్లతో ఉండేది. ఒకరోజు పిల్లను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మలుపులో ఎవరో అడ్డం వచ్చి గుద్దారు.

"నాకేం గాలె. ఆ అమ్మకు గూడ ఏం గాలె, ఇద్దరికి బెల్టున్నది. బిడ్డ మాత్రం ఆ అమ్మకు, సంచికి నడుమ ఉండె." కారు వైపు చూపించాడు. "ముందట తలకాయ మీది కెళ్లి ఎండకు దించుకునే అట్ట ఉంటది సూడుండ్రి. దాని మీద బొమ్మ ఉండె. పసిబిడ్డ, దాని మీద ఎర్రగీత. రోజు బట్టతోని తుడిసేటోణ్ణి ఆ బొమ్మను. అర్థం ఎర్కే. గని డ్రైవరోణ్ణి, వాళ్లకు నేనేం చెప్తనని ఊకున్న."

"ఈ కుర్చీ..."

"ఆ బిడ్డకని కొన్నదే. పెట్టెగూడ ఇప్పలె, సామాన్ల అర్రల ఉండె. నేనొచ్చేటప్పుడు అడుక్కొని తెచ్చుకున్న. మలయాళీ ఇంజనీరు ఒకాయనతోని కారు పుస్తకం అంత చదివించుకున్న. అప్పటినుంచి నోరు మూసుకొనుడు బంద్ జేసిన."

నేను వెనక్కి నడిచి వచ్చేసరికి సునీత మెట్లు దిగుతోంది, ఒక చెయ్యి గోడకు ఆనించి. దావీదు చెప్పింది ఆమె వినలేదు. నా మొహం మాత్రం చూసింది.

"ఏమైంది పిన్నీ?"

"ఆయన చెప్పినట్టు వెనకే పెడదామే," అన్నాను.

సునీత అత్తగారి చేతుల్లోంచి పిల్లను తీసుకుంది. "అత్తమ్మా, నువ్వు నా పక్కనే కూర్చో. పొల్ల నీ కండ్ల ముందటే ఉంటది," అని నెమ్మదిగా అంది. మా అమ్మాయి నోట్లో ఆ యాస నేను వినడం అదే మొదలు. గంగవ్వ కొబ్బరికాయ డిక్కీలో పడేసినంత పనిచేసింది. కానీ ఎక్కింది.

దావీదు దుప్పటి విప్పించి, పట్టీలు వేసి, పట్టీకీ పిల్ల ఎదకూ మధ్య తన వేలు పెట్టి బిగువు చూసి, అప్పుడు దుప్పటి పైన కప్పాడు. పట్టీల కింద మందపాటి గుడ్డ ఉంటే పట్టు ఉండదట. కుర్చీని రెండు చేతులా కుదిపి చూశాడు. మధ్యలో సునీత, అటు గంగవ్వ. ఇద్దరికీ బెల్టు. ముందు సీటు నాకు.

రుద్రూరు తర్వాత

 పిల్ల నిద్రపోయింది. నాకు మాత్రం ఒళ్లంతా ముళ్లు. ఆ నాలుగు నెలల పిల్లే కళ్ల ముందు. వెనక్కి తిరిగి చూడటం, ముందుకు జరగడం, మళ్లీ వెనక్కి తిరగడం. తిరిగినప్పుడల్లా పైపట్టీ అడ్డం వస్తోంది. రుద్రూరు దాటాక దాన్ని మళ్లీ చంక కిందికి తోసేశాను. అంతా విన్న తర్వాత కూడా! పిల్లకే ప్రమాదం గానీ నాకేమిటి అనుకున్నానేమో.

నిజాంసాగర్ కాలువ పిల్లకాలువ ఒకటి రోడ్డు కిందుగా పోయే చోట సిమెంటు మోరీ ఉంది. ఎడమ పక్క తోటలోంచి చెరుకుబండి ఒకటి దడదడమంటూ రోడ్డెక్కింది. ఎడ్లు దేనికో బెదిరాయి, బండతను పగ్గాలు పట్టుకుని వేలాడుతున్నాడు. దావీదు బ్రేకు తొక్కాడు. ఆగేంత దూరం లేదు. ఎడ్లను తప్పించి కుడివైపు తిప్పాడు. ఎదురుగా మోరీ గోడ.

పెద్ద పేలుడు. కళ్ల ముందు తెల్లగా ఏదో లేచి మొహానికి కొట్టి, చూస్తుండగానే చప్పబడిపోయింది. కారంతా తెల్లటి పొడి, టపాకాయలు కాల్చిన వాసన. హారను ఆగకుండా మోగుతోంది. నాకు ఊపిరి అందలేదు. లోపలికి పీలుద్దామంటే డొక్కలో కత్తి.

"బిడ్డ! బిడ్డెట్లున్నది?" దావీదు అరుస్తున్నాడు. నేను తల తిప్పలేను. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. అంత పొడుగు క్షణం నా యాభై ఏళ్లలో లేదు.

తర్వాత పిల్ల ఏడ్చింది. గట్టిగా, కోపంగా.

"ఏడుస్తున్నది! మంచిగున్నది! నా తల్లి మంచిగున్నది!" గంగవ్వ గొంతు.

తోటలోని కూలీలు పరిగెత్తుకొచ్చారు. కారులో పొడి చూసి పొగ అనుకుని "దిగుండ్రి, దిగుండ్రి" అని తలుపులు లాగారు. దావీదు కీ తీసేశాడు. ఆయన మణికట్ల మీద చర్మం కమిలి ఎర్రగా ఉంది. నన్ను ఒక మరాఠీ ఆడమనిషి దించి, చెరుకాకుల మీద కూర్చోబెట్టి, "ఘాబరూ నకో, తాయీ" అని ధైర్యం చెబుతూ నీళ్లు తాగించింది. ఆమె చేతినిండా చెరుకాకు కోతలే. నేను ఆ చెయ్యి వదల్లేదు.

అటుగా వచ్చిన జీపతను మమ్మల్ని వర్ని ఆసుపత్రికి చేర్చాడు. పిల్ల ఒంటి మీద గీత లేదు. సునీత తుంటి మీద, గంగవ్వ భుజం మీద పట్టీ అచ్చు పడింది, అంతే. డాక్టరు నా డొక్క నొక్కి చూసి, "బెల్టు చంక కింద పెట్టుకున్నరా?" అనడిగాడు. నేను దావీదు వైపు చూడలేకపోయాను. పక్కటెముక చిట్లింది. తర్వాత నిజామాబాదులో తీసిన ఎక్స్‌రే కూడా అదే చెప్పింది.

"తప్పు నాదే," అన్నాను దావీదుతో. "మీరు రెండుసార్లు చెప్పారు."

"మూడోపారి చెప్పాలె నేను," అన్నాడాయన.

మోస్రా: పసుపు కుప్పల దగ్గర

నాలుగోరోజు నేను మోస్రాలో గంగవ్వ ఇంటి అరుగు మీద కదలకుండా కూర్చున్నాను. కదిలితే నొప్పి. నన్ను కుదురుగా కూర్చోబెట్టడానికి ఎముక విరగాల్సొచ్చిందని మా అక్క ఫోన్లో ఏడుస్తూనే నవ్వింది. వాకిట్లో వండి ఆరబోసిన పసుపు కొమ్ములు. ఊరి ఆడవాళ్లు వరసగా వచ్చి పిల్లను చూసి, గంగవ్వ భుజం మీది మచ్చ చూసి పోతున్నారు. గంగవ్వ రవిక జరిపి గర్వంగానే చూపిస్తోంది. "పట్టి లేకుంటె నేను అద్దంలకెళ్లి కాలువల పడుదును," అని చెబుతోంది.

మధ్యాహ్నం దావీదు బస్సులో వచ్చాడు, రెండు చేతులకూ కట్లు. కారు షెడ్డుకు పోయిందట. ఒకసారి ఉబ్బిన సంచి మళ్లీ పనిచేయదని, బెల్టులు కూడా మార్చాల్సిందేనని, అంతవరకూ బండి తీయనని చెప్పాడు. ఆ పిల్లల కుర్చీ కూడా ఇంత గుద్దు తిన్నాక పనికిరాదట. పైకి బాగానే ఉన్నా లోపల పగిలి ఉండవచ్చు. ఇంకెవరూ వాడకుండా పట్టీలు కోసేసి వచ్చాడు.

"అయ్యో, మంచి కుర్సీ," అంది గంగవ్వ.

దావీదు నిలబడే ఉన్నాడు. "అవ్వా, నీకొకటి చెప్పాలె. చెప్పకుంటె నాకు నిద్ర పడ్తలేదు."

నేను వద్దన్నట్టు చూశాను. ఆయన చెప్పేశాడు. మస్కట్ ఇల్లు, ఆ పిల్ల, విప్పని పెట్టె, అన్నీ. లోపల సునీత కూడా వింటోందని గుమ్మం దగ్గర నీడ చూస్తే తెలిసింది. గంగవ్వ చేతిలో పసుపు కొమ్ము అలాగే ఉండిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను, అది కూడా నొప్పే. చచ్చిపోయిన పిల్ల కోసం కొన్న కుర్చీలో తన మనవరాలిని పడుకోబెట్టామని ఆమెకు తెలిసింది. లేచి కొడుతుందేమో అనుకున్నాను.

కూర్చున్నచోటి నుంచే అడిగింది. "ఆ తల్లికి మల్ల పిల్లలైండ్రా?"

"అయిండ్రవ్వా. ఇద్దరు."

"వాళ్లనెట్ల తిప్పిండ్రు కార్ల?"

"నేనే తిప్పిన. వెనక సీట్ల, కొత్త కుర్సీలల్ల. నేనొచ్చేదాక."

గంగవ్వ తలూపింది. "నిన్న మెట్ల కాడ చెప్పుంటె నేను ఎక్కనియ్యకపోదును. చెప్పకపోవుడే మంచిదైంది." కొమ్మును కుప్పలో వేసింది. "గని దావీదూ, ఇంకోపారి నా తోని ఏది దాయకు. కూసో, అన్నం తిందువు."

ఆయన కట్ల చేతులతో కలుపుకోలేకపోతుంటే, ఆమే ముద్దలు చేసి పళ్లెం అంచున పెట్టింది. దావీదు తల వంచుకుని తిన్నాడు. తింటూ కళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు కుదరలేదు.

ఇందల్వాయి దగ్గర బస్సులో

అయిదోరోజు శ్రీకాంత్ సెలవు దొరికించుకుని వచ్చి, నిజామాబాదులో ఎక్స్‌రే తీయించి నన్ను హైదరాబాదు బస్సెక్కించాడు. కిటికీ సీటు దొరికింది. డొక్కకు దిండు ఆనించుకుని కూర్చున్నాను. డిచ్‌పల్లి, తర్వాత ఇందల్వాయి. అక్కడ బస్సు నిండిపోయింది. చంకలో ఏడాది పిల్లాడితో ఒక అమ్మాయి ఎక్కింది. చోటు లేక డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూర్చుంది. ఎదురుగా పెద్ద అద్దం. పిల్లాడు ఆ అద్దం మీద చేతులు పెట్టి లారీలను చూసి కేరింతలు కొడుతున్నాడు. బస్సు జోరందుకుంది.

నాకెందుకులే అనుకున్నాను. నిలబడితే నొప్పి, ఎవరో తెలియని అమ్మాయి, రోజూ వందలమంది అలాగే పోతారు. బయటికి చూశాను. మళ్లీ అటే చూశాను. ఒక లారీని దాటబోయి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. పిల్లాడి నుదురు అద్దానికి తగిలి టక్కుమంది. ఏడవలేదు, నవ్వాడు.

నేను సీటు పట్టుకుని లేచాను.

"అమ్మాయ్, ఇటు వచ్చి కూర్చో. నా సీటు తీసుకో."

"వద్దక్కా, మంచిగనే ఉన్న. మీకేమో తబ్యత్ బాగలేనట్టుంది."

"నాకు బాగానే ఉంది. అద్దం దగ్గర పిల్లాణ్ణి పెట్టుకోకూడదు. రా."

"ఏం కాదక్కా."

ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకోలేదు. జనాన్ని తప్పించుకుని ముందుకు నడిచి, ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ పిలిచాను. బస్సంతా మా వైపే చూస్తోంది. ఆ అమ్మాయికి విసుగొచ్చింది. అయినా నా మొహంలో ఏం కనిపించిందో, పిల్లాణ్ణి చంకనేసుకుని లేచింది. కిటికీ సీట్లో కూర్చుని వాణ్ణి ఒళ్లో లోపలి వైపుకు పెట్టుకుంది. పది నిమిషాల్లో ఇద్దరూ నిద్రపోయారు.

నేను పైకమ్మీ పట్టుకుని, కుదుపు కుదుపుకూ పళ్లు బిగబడుతూ, కామారెడ్డి దాకా నిలబడే వచ్చాను.